రెండు బ్యాటరీల్లో ఒకటే ఎందుకు ఎండింది?

ప్రశ్న: సార్, మాది పరకాల దగ్గర పల్లె. మా పెద్దోడు ఐటీఐ ఎలక్ట్రీషియన్ రెండేండ్లు పూర్తి చేసిండు. ఏడాది సంది మా బామ్మర్ది సెల్ఫ్, డైనమో షాపుల పనిచేస్తుండు. పొద్దంత ఫోన్ల మిలటరీ ట్రక్కులకు సోలార్ పెట్టి బ్యాటరీలు చార్జింగ్ చేసే వీడియోలే చూస్తడు. అదే పని చేస్త అంటడు. మొన్న మామ లారీకి సోలార్ ప్లేటు బిగించిండు. నెల తిరిగేసరికి రెండు బ్యాటరీలల్ల ఒకదాంట్ల నీళ్లు ఎండినయి, రెండోదాంట్ల చార్జింగే నిలుస్తలేదు. ఎందుకైందో వారం దినాలు మీటరు పెట్టి చూసి నోట్‌బుక్కుల రాసుకున్నడు. నేను గ్రూప్-4కు చదువుమంటున్న. గీ పని మీద బతుకుదెరువు ఉంటదా? – ఓ తండ్రి

జవాబు: అన్నా, మీరు రాసినదాంట్లో ట్రక్కు సంగతి పక్కన పెట్టి నేను ఆ నోట్‌బుక్కు దగ్గర ఆగాను. బ్యాటరీ చెడగొట్టిన పిల్లలు నాకు చాలామంది తెలుసు. ఎందుకు చెడిందో వారం పాటు కూర్చుని రాసుకున్నవాళ్లు ఇద్దరో ముగ్గురో.

ఏం జరిగి ఉంటుందో చెప్తాను, వాడి నోట్‌బుక్కుతో సరిచూసుకోండి. లారీకైనా, ఆర్మీవాళ్ల స్టాలియన్ ట్రక్కుకైనా కరెంటు 24 వోల్టులు. 12 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్ ఇంకోదాని మైనస్‌కు కలిపి ఉంటాయి. మీవాడి చేతికి దొరికింది 12 వోల్టుల ప్యానెల్, దానికి తగ్గ చిన్న కంట్రోలర్ (ప్యానెల్ నుంచి బ్యాటరీకి పోయే చార్జింగ్‌ను అదుపు చేసే పెట్టె). తీసుకెళ్లి ఒక్క బ్యాటరీకే తగిలించాడు. దానికి రోజూ ఎండ తిండి, రెండోది పస్తు. ఇంజన్ స్టార్ట్ చేశాక ఆల్టర్నేటర్ (మీరు డైనమో అనేది) రెండింటికీ కలిపి 28 వోల్టులు ఇస్తుంది తప్ప ఎవరి వాటా ఎంతో చూడదు. అప్పటికే కడుపు నిండినది 15 వోల్టుల దాకా ఎక్కి నీళ్లను గ్యాసు చేసి వదిలేస్తుంది. ఆకలిగొన్నది 13 దగ్గరే ఆగిపోయి ప్లేట్లకు సల్ఫేట్ పట్టించుకుంటుంది. 24 వోల్టులకు అమర్చాలంటే ప్యానెళ్లు రెండు సిరీస్‌లో పెట్టి, 24 వోల్టుల కంట్రోలర్ తెచ్చి, జంట మొత్తానికి కలపాలి. ఇందులో మీవాడు ఎంత వరకు సొంతంగా పట్టుకున్నాడో చూడండి. సగం పట్టుకున్నా పిల్లాడు పనికొస్తాడు.

ఇక మీ ప్రశ్న. మిలటరీ ట్రక్కులకు సోలార్ పెట్టే ఉద్యోగమంటూ మన దగ్గర విడిగా లేదు. వాడు చూసే వీడియోల్లో ఎక్కువ మంది పాత ఆర్మీ బండ్లు కొనుక్కుని సరదాకు ఇళ్లలా మార్చుకునే విదేశీయులు. సైన్యానికి మాత్రం నిజమైన అవసరమే ఉంది. వారాల తరబడి నిలబడ్డ బండిలో బ్యాటరీ దానంతటదే దిగుతుంది. రేడియో సెట్టు నడిస్తే ఇంకా తొందరగా దిగుతుంది. చార్జింగ్ కోసం ఇంజన్ నడిపితే డీజిలు ఖర్చు, పైగా ఆ చప్పుడు శత్రువుకు వినబడుతుంది. కానీ అక్కడ బండిలో ఒక్క వైరు కలపాలన్నా పైనుంచి అనుమతి ఉండాలి. మామ లారీ మీద చేసినట్టు నడవదు.

ఆ పనులు చూసేది ఈఎంఈ, అంటే సైన్యంలో బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగం. దాని శిక్షణ కేంద్రాల్లో ఒకటి, కాలేజీ సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. అగ్నివీర్ టెక్నికల్‌కు పదో తరగతితో పాటు రెండేళ్ల ఐటీఐ ఉన్నవాళ్లూ రాయొచ్చు. ఏ ట్రేడులు, ఎంత వయసు అన్నది నోటిఫికేషన్‌లో చూసుకోండి. సర్వీసు నాలుగేళ్లు, ఆ తర్వాత నూటికి ఇరవై ఐదుగురికి మించి ఉంచుకోరు. చేరాక ఈఎంఈకే పంపుతారన్న హామీ కూడా ఏమీ లేదు. సైన్యం మీద మనసుంటే వెళ్లమనండి, ట్రక్కు వైరింగ్ కోసం మాత్రం వద్దు.

వాడి బతుకుదెరువు ఆ 24 వోల్టుల్లోనే ఉంది, మిలటరీ రంగు అవసరం లేదు. సింగరేణి డంపర్లు, ఆర్టీసీ బస్సులు, కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో ప్రొక్లెయిన్లు, బోరు బండ్లు, అన్నీ 24 వోల్టులే. రామగుండం ఎన్టీపీసీ చెరువు మీద 2022 నుంచి 100 మెగావాట్ల సోలార్ తేలుతోంది. కరీంనగర్‌లో ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి, వాటిలో వందల వోల్టుల డీసీ, అంటే బ్యాటరీలూ సోలార్ ప్యానెళ్లూ ఇచ్చే, ఒకే దిక్కున పారే కరెంటు. ఇంటి వైరింగ్ తెలిసినవాళ్లు వీధికి నలుగురు దొరుకుతారు. డీసీని భయభక్తులతో ముట్టుకునేవాళ్లు తక్కువ. ఇంటికి వచ్చే ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్చు తీసినప్పుడు నిప్పు తొందరగా ఆరిపోతుంది. డీసీకి ఆ సున్నా లేదు, నిప్పు సాగుతూనే ఉంటుంది. ఇంట్లో వాడే ఎంసీబీని (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చును) తెచ్చి సోలార్ లైనుకు బిగించేవాళ్లను చూస్తే నాకు వణుకు.

మీవాడిని పరీక్షించాలంటే ఈ లెక్క ఇవ్వండి. వంద వాట్ల ప్యానెళ్లు రెండు, కరెంటు సుమారు 7 ఆంపియర్లు, కంట్రోలర్ నుంచి బ్యాటరీకి 6 మీటర్లు. ఒక ఎంఎం వైరు వేస్తే రానుపోను ఒకటిన్నర వోల్టు వైరులోనే పోతుంది. కంట్రోలర్ తన దగ్గర 28.8 చూసుకుని బ్యాటరీ నిండబోతోందనుకుని చేయి బిగిస్తుంది. బ్యాటరీకి అందేది 27.3 మాత్రమే. రెండున్నర ఎంఎం వేస్తే నష్టం 0.6కు దిగుతుంది. కంట్రోలర్‌నే తీసుకెళ్లి బ్యాటరీ పెట్టె పక్కన పెడితే ఈ గొడవే ఉండదు. ఇంకోటి అడగండి: బ్యాటరీ కట్-ఆఫ్ స్విచ్చుకు (బండి మొత్తానికి కరెంటు ఆపేదానికి) ఏ వైపు సోలార్ కలిపావని. బండి వైపు కలిపితే, డ్రైవరు స్విచ్చు తీసి ఇంటికి పోగానే సోలార్ కూడా ఆగిపోతుంది. నిలబడ్డ బండి కోసం పెట్టింది నిలబడ్డప్పుడే పనిచేయదన్నమాట. బ్యాటరీ వైపే కలపాలి, ప్లస్ టెర్మినల్‌కు జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. ముందు కంట్రోలర్‌కు బ్యాటరీ, ఆ తర్వాతే ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్. ఇక వైరు కొసకు థింబుల్ (లోహపు తొడుగు) నొక్కాక వైరు పట్టి గట్టిగా గుంజమనండి. ఊడి వస్తే, అది రోడ్డు మీద ఊడాల్సింది షాపులోనే ఊడినట్టు.

దారి విషయానికొస్తే, బామ్మర్ది షాపులో ఏళ్లు గడిచినా చేతికి కాగితం రాదు. సింగరేణిలోనో ఆర్టీసీలోనో అప్రెంటిస్‌షిప్‌కు పోర్టల్‌లో నమోదు చేయించండి. స్టైపెండు తక్కువే, అయినా ఆ సర్టిఫికెట్‌కు విలువ ఉంది. లెక్కలంటే భయం లేకపోతే ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, అక్కడినుంచి ఈసెట్‌తో బీటెక్ దాకా తలుపు తెరిచే ఉంటుంది. అర్హతలు మాత్రం ఆ ఏటి నోటిఫికేషన్‌లో చదువుకోండి, పక్కింటివాళ్ల మాట నమ్మకండి. గ్రూప్-4 కూడా రాయనివ్వండి, కానీ దానికోసం మీటరు పక్కన పెట్టించకండి.

బామ్మర్దికి బ్యాటరీల డబ్బులు మాత్రం మీరు కట్టొద్దన్నా. నెలనెలా మీవాడి జీతంలోంచే పట్టుకోమనండి. ఆ ఎండిన బ్యాటరీని పాత ఇనుము కింద అమ్మనివ్వకుండా మీవాడి దగ్గరే ఉంచండి.