పురుగుల చదువు చదివితే అమ్మాయి భవిష్యత్తు ఏమవుతుంది?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లె. మిరప వేస్తాం. మా అమ్మాయి బాపట్లలో బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాది. పీజీలో ఎంటమాలజీ తీసుకుని, పురుగులు కుబుసం విడవడంలో, గుడ్లు పెట్టడంలో హార్మోన్లు, జన్యువుల పాత్ర చదువుతానంటోంది. బంధువులేమో అప్పు చేసైనా విదేశాల్లో బయోటెక్నాలజీ ఎమ్మెస్ చేయించమంటున్నారు. ఏది మేలు?

జవాబు: మీరడిగింది రెండు కోర్సుల గురించే అయినా, మీ అసలు టెన్షన్ వేరు. పురుగుల చదువంటే నలుగురూ ఏమనుకుంటారోనని. ఇదే భయంతో వచ్చే తల్లిదండ్రులను విజయవాడలో తరచూ చూస్తుంటాను.

మిరప వేసే ఇంటికి ఈ చదువు విలువ నేను చెప్పాల్సి రావడం బాధగా ఉందండీ. 2021-22లో నల్ల తామర పురుగు మన మిరపను ఏం చేసిందో మీకు తెలుసు. కాయతొలుచు పురుగుకి నోవాల్యురాన్ కొట్టి, మర్నాడు అది ఇంకా కదులుతుంటే మందు పనిచేయలేదని మరో డబ్బా తెచ్చిన రైతులు ఎంతమంది! ఆ మందు వెంటనే చంపదు. కొత్త చర్మానికి కావాల్సిన కైటిన్‌ను తయారు కానివ్వదు. కుబుసం విడిచే వేళ పురుగు పాత తొడుగులో ఇరుక్కుని, లోపలి పలచటి చర్మం చీలి చస్తుంది. చిన్న పురుగుల దశలో కొడితేనే ఫలితం.

కుబుసం ఎప్పుడు విడవాలో చెప్పేది ఎక్డైసోన్ అనే హార్మోన్. విడిచాక మళ్లీ పిల్లపురుగుగా ఉండాలా, ప్యూపా (రెక్కల పురుగుగా మారే ముందు దశ) కావాలా అన్నది జువెనైల్ హార్మోన్ మోతాదును బట్టి ఉంటుంది. చాలా రకాల్లో తల్లి పురుగు గుడ్లు తయారు కావడానికీ అదే కావాలి. మీ అమ్మాయి తెలుసుకోవాలనుకుంటున్నది ఇదే. అది మీ చేలో రోజూ జరిగే పని.

ఇక బయోటెక్ ఎమ్మెస్. దాని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. బయోటెక్‌తో వచ్చిన, పురుగు జన్యువును అణచే ఆర్‌ఎన్‌ఏ స్ప్రేకి 2023 చివర్లో అమెరికాలో అనుమతి వచ్చింది, బంగాళాదుంప పెంకుపురుగు మీద. నిజంగా గొప్ప పని. కానీ గొంగళి పురుగుల పొట్టలోని ఎంజైములు అలాంటి ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసేస్తాయి. ఏ పురుగుకి, ఏ దశలో, ఏం తిన్నప్పుడు ఇవ్వాలో తెలియకుండా జన్యువు పేరు ఒక్కటే తెలిస్తే ఏం లాభం? ల్యాబ్ పనులు తర్వాతైనా నేర్చుకోవచ్చు. పురుగును గమనించే కన్ను పొలంలో తిరిగితేనే వస్తుంది. పైగా ఎమ్మెస్‌తో ఆగిపోయి, అప్పు తీర్చడానికి సంబంధం లేని ఉద్యోగంలో చేరిన పిల్లలు నాకు తెలుసు. మీ బంధువులు ఆ సంగతి చెప్పరు, ఎందుకంటే వాయిదాలు కట్టేది వాళ్లు కాదు.

ఉద్యోగం గురించి అంత బెంగ వద్దు. వ్యవసాయాధికారి పోస్టుకి బీఎస్సీ అగ్రికల్చర్ అర్హత ఎలాగూ చేతిలో ఉంటుంది. ఎంటమాలజీ పీజీ అయితే పరిశోధన కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, పురుగుమందుల కంపెనీల ట్రయల్స్, రిజిస్ట్రేషన్ విభాగాలు కూడా ఉన్నాయి. విదేశం వెళ్లాలనుకుంటే పీజీ తర్వాత ఫెలోషిప్‌తో పీహెచ్‌డీకి వెళ్లవచ్చు.

ఈ లోపు అమ్మాయితో కలిసి ఒకసారి గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రం లాం ఫారానికి వెళ్లి, అక్కడి ఎంటమాలజీ శాస్త్రవేత్తలతో మాట్లాడండి. అప్పటిదాకా లోన్ కాగితాల మీద సంతకం పెట్టకండి.