సమాధానం: చంద్రగిరి నవలలో తేదీలు ఏడాది తేడా వస్తుంటే

మస్కట్‌లో పాఠాలు చెబుతూ మీరు రాస్తున్న ప్రేమ నవలలో శ్రీకృష్ణదేవరాయలవారి తొలి తిరుమల యాత్ర 1512కి ఎందుకు పోతోందని అడిగారు. కారణం, శాసనాల్లోని శక సంవత్సరాన్ని క్రీస్తుశకంలోకి మార్చడానికి అన్నిచోట్లా 78 కలపడమే.

1. ముందు శాసనంలో మాసం చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. శకం మారేది ఉగాదికి, జనవరికి కాదు. చైత్రం నుంచి మార్గశిరం దాకా మామూలుగా 78, మాఘ ఫాల్గుణాలకు 79. పుష్యమాసం డిసెంబరు, జనవరి రెండింట్లోనూ పడుతుంది, తిథి సరిచూడాల్సిందే. ఆ యాత్ర శకం 1434 చివర్లో, అంటే 1513 ఫిబ్రవరి.

2. నాయిక చేసే పులుసులో ఎండుమిర్చి తీసేయండి. అప్పటికి మన వంటింట్లో కారమంటే మిరియాలే. టమాటా అసలే వద్దు.

3. సెలవులకు వచ్చినప్పుడు తిరుమల ఆలయంలో రాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాల నగలు, కట్టు గమనించండి. లోపలికి ఫోన్ రానివ్వరు, బయటికి రాగానే రాసుకోండి.