రొంగోరొంగోలో పంచాంగం వెతికే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఈస్టర్ ద్వీపంలో (రాపా నుయి) చెక్క పలకల మీద చెక్కిన, ఇంకా ఎవరూ చదవలేని లిపి రొంగోరొంగో. ఆ పలకల్లో పంచాంగం వెతుకుతానని రాశావు. చాలా సంతోషం. అయితే చిహ్నాలు లెక్కపెట్టడంతో మొదలుపెట్టకు. ముందు ఆ ద్వీపవాసులు చాంద్రమాసంలోని ఒక్కో రాత్రికి పెట్టుకున్న పేర్లు కంఠస్థం చెయ్యి. 1886లో అక్కడికి వెళ్లిన థామ్సన్, ఆ తర్వాత పరిశోధకులు మెట్రో, ఎంగ్లెర్ట్ సేకరించిన జాబితాలు ఉన్నాయి. 1862 నాటి పెరూ బానిస వేటలు, వాటి వెంట వచ్చిన మశూచి ఆ లిపి తెలిసినవాళ్లను తుడిచిపెట్టాక మనకు మిగిలిన సాక్ష్యం అదే. అది లేకుండా వెతికితే నెలకు ముప్పై రాత్రులన్న ఆ ముప్పై అంకె ఏ పలకలోనైనా దొరుకుతుంది. నచ్చిన చోట మొదలుపెట్టి నచ్చిన చోట ఆపితే సరి.

రొంగోరొంగో పలకల్లో ఒకటైన మమారి సంగతి వేరు. అందులో చాంద్రమాసం ఉందని 1958లో ఈ లిపి పరిశోధకుడు బార్తెల్ చూపాడు, 1990లో మరో పరిశోధకుడు జాక్ గై దాన్ని వివరంగా విశ్లేషించాడు. నెలవంక చిహ్నాలు గుంపులుగా వస్తాయి. గుంపుల మధ్య ఒకే చిహ్నాల వరుస మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఆ వరుసలోని చేప బొమ్మకు పౌర్ణమి దాకా తల పైకి, ఆపైన కిందికి. జాబితాల్లో కొన్ని రాత్రులకు సొంత పేరు లేదు. వాటిని ‘కొకోరె’ అని అంకెతోనే పిలిచేవారు. పౌర్ణమికి ముందు అలాంటివి ఆరు, తర్వాత ఐదు. పలకలోని నెలవంకలు ఈ అమరికకు సరిపోతాయి. ఆరు, ఐదు అనే ఆ హెచ్చుతగ్గే ముప్పై కన్నా గట్టి ఆధారమని నా అభిప్రాయం.

అందుకే మన తిథుల అలవాటును పక్కన పెట్టమంటాను. పక్షానికి పదిహేను చొప్పున పంచావంటే ఆ హెచ్చుతగ్గు నీ కంటికి ఆనదు. గై లెక్కలో 28 రాత్రులు స్థిరం. హోతు, హిరో అనే మరో రెండు రాత్రులు అవసరాన్ని బట్టి చేరేవి. నెల సగటున 29.53 రోజులు కాబట్టి ఆ సర్దుబాటు కావలసిందే.

చదివే దిశ జాగ్రత్త. కింది ఎడమ మూలన మొదలుపెట్టి, వరుస పూర్తయిన ప్రతిసారీ పలకను తలకిందులుగా తిప్పాలి. అది తప్పితే చేప తల కూడా తారుమారవుతుంది. బార్తెల్ గీసిన బొమ్మలను ఫోటోలతో పోల్చుకో.

సింధు లిపితో పోలికల జోలికి వెళ్లకు. 1932లో హెవెసీ అనే ఆయన రెండు లిపులూ ఒకటేనన్నట్టు ఆ దారి పట్టాడు. రెండింటి మధ్య మూడు వేల ఏళ్లకు పైగా దూరం ఉంది.

ఈ లిపి ఉన్నవాటిలో మిగిలినవి రెండు డజన్ల వస్తువులే. వాటిలో మూడు పలకల మీద దాదాపు ఒకే పాఠం ఉంది. ఆ మూడింటిలోనూ నీ అమరిక కనిపిస్తే ఒక్క సాక్ష్యంగానే లెక్కించు. పట్టిక పంపేటప్పుడు కుదరని వరుసలను ముందు రాయి, వాటినే మొదట చూస్తాను.