యాంటీఆక్సిడెంట్లు వేసుకుంటే కీళ్లవాతం మందులు మానేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 42. రెండేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది. వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటున్నాను. ఒంట్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ వల్లే కీళ్లు పాడవుతాయని, యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్స్ వేసుకుంటే ఈ మందు అక్కర్లేదని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా?

- ఒక పాఠకురాలు

జవాబు: మెథోట్రెక్సేట్ మాత్రం మానకండమ్మా. మిగతా సంగతులన్నీ ఆ తర్వాతే.

మీరు విన్నదాంట్లో సగం నిజం ఉంది. ఈ జబ్బులో మన రక్షణ వ్యవస్థ పొరబడి కీలు లోపలి పొర మీద దాడి చేస్తుంది. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు అక్కడికి గుంపులుగా చేరతాయి. క్రిములను చంపడానికి సూపర్ ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి వదలడం వాటి పని. కీలులో క్రిములేవీ లేవు కాబట్టి ఆ దెబ్బ కీలుకే తగులుతుంది. కీలులోని ద్రవానికి చిక్కదనాన్నిచ్చే హయలురోనిక్ ఆమ్లం ముక్కలవుతుంది, మృదులాస్థి కూడా దెబ్బతింటుంది.

దీనికి విరుగుడు (యాంటీఆక్సిడెంట్ అంటే అదే) కూడా ఒంట్లోనే ఉంది. సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్ సూపర్ ఆక్సైడ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. దాన్ని క్యాటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ నీరుగా మార్చేస్తాయి. వాపు తగ్గకుండా ఉంటే ఈ ఎంజైములు ఎంత పనిచేసినా సరిపోవు. ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటే అదే.

మరి క్యాప్సూల్ ఎందుకు చాలదు? తయారైన రాడికల్స్‌లో (సూపర్ ఆక్సైడ్ లాంటి, కణజాలాన్ని దెబ్బతీసే పదార్థాల్లో) కొన్నింటిని అది అడ్డుకుంటుందేమో గానీ, వాటిని తయారుచేసే కణాలను ఆపలేదు. 1997లో వచ్చిన ఒక అధ్యయనంలో విటమిన్ ఇ తీసుకున్నవాళ్లకు నొప్పి కొంత తగ్గింది. వాపు, పొద్దుటిపూట బిగుసుకుపోవడం మాత్రం తగ్గలేదు. నొప్పి తగ్గిందని మందు మానేస్తే లోపల కీలు అరిగిపోతూనే ఉంటుంది. నాకు భయం కలిగించేది అదే. మెథోట్రెక్సేట్ రక్షణ వ్యవస్థ దూకుడునే తగ్గిస్తుంది కాబట్టి రాడికల్స్ ఉత్పత్తి కూడా దానంతటదే తగ్గుతుంది.

పండ్లు, ఆకుకూరలు, కూరగాయలు బాగా తినండి. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతుంటే మీ దగ్గర తాగొద్దని గట్టిగా చెప్పండి. పొగ ఈ జబ్బుకు బద్ధశత్రువు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఎక్కువ మోతాదు విటమిన్ ఇ జోలికి వెళ్లకండి, రక్తస్రావం కావచ్చు. డాక్టర్ ఫోలిక్ యాసిడ్ రాసి ఉంటే అదీ ఆపొద్దు. మెథోట్రెక్సేట్ దుష్ప్రభావాలు తగ్గడానికే దాన్ని ఇస్తారు.

ఇప్పటికీ వాపు, పొద్దున్నే బిగుతు ఉంటే ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్ఆర్, సీఆర్పీ రక్తపరీక్షల రిపోర్టులు తీసుకుని మీ రుమటాలజిస్టును కలవండి. మోతాదు పెంచాలా, ఇంకో మందు కలపాలా అన్నది ఆయన చూసి చెబుతారు.