పక్కింటి కుక్క, మధ్యలో దడి

ప్రశ్న: మాది ఒడిశాలో పర్లాకిమిడి. మా పెరటికీ పక్కింటోళ్ళ పెరటికీ మధ్య వెదురు దడి ఒకటుంది, మా మావగారి కాలంనాటిది, ఎవరు కట్టించారో ఇప్పుడు ఎవరికీ తెలీదు. వాళ్ళు ఒడియా వాళ్ళు, మంచోళ్ళే, పండక్కి పిఠా అని వాళ్ళ పిండివంట పంపిస్తారు, కానీ పెంచుకునే కుక్కని మాత్రం కట్టెయ్యరు. అది దడి కింద మట్టి తవ్వేసి మా పెరట్లోకొచ్చి కోడిపిల్లల్ని ఎత్తుకుపోతోంది, నిన్న మా పాప కాలికి దాని గోరు గీసుకుంది. అడిగితే దడి మీదే కదా, మీరే బాగుచేయించుకోండి అంటున్నారు. మా ఆయనేమో అన్నంలో ఏదో ఒకటి కలిపి పడేద్దాం అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: దడి సంగతి తర్వాత, ముందు పాప కాలు చూడండమ్మా. గీరుకుపోయిన చోట సబ్బు రాసి ధారగా నీళ్ళు పోస్తూ 15 నిమిషాలు కడగాలి, నిన్న కడగకపోతే ఇవాళైనా కడగండి. కారం, సున్నం, పసుపు ఏమీ పెట్టొద్దు. రక్తం రాకపోయినా సరే ఇవాళే సర్కారు ఆస్పత్రికి తీసుకెళ్ళండి, రేబిస్ రాకుండా మొదటి సూది వేసిన రోజుని సున్నా అనుకుంటే మళ్ళీ 3, 7, 28 రోజులకి వేస్తారు. రక్తం వచ్చుంటే ఆ మాట డాక్టరుకి తప్పక చెప్పండి, దానికి ఇంకో మందు కూడా ఉంటుంది. వాళ్ళ కుక్కకి టీకా వేయించాం అన్నారని మాత్రం ఆగిపోవద్దు.

మీ ఆయనతో చెప్పండి, కుక్కకి విషం పెడితే భారతీయ న్యాయ సంహిత 325 కింద 5 ఏళ్ళ దాకా జైలు. వాళ్ళ వైపూ తప్పుంది, పెంపుడు జంతువుని మనుషులకి ప్రమాదం అయ్యేలా అజాగ్రత్తగా వదిలేస్తే అదే చట్టం 291 కింద 6 నెలల దాకా జైలో, 5000 దాకా జరిమానానో, రెండూనో. అయితే ఈ నంబర్లు పట్టుకుని వాళ్ళ గుమ్మంలో నిలబడొద్దు, పిఠా పంపించే ఇల్లు మళ్ళీ దొరకదు.

ఇక దడి. ఎవరిదో తెలీని దడికి ఎవరు ఖర్చు పెట్టాలంటే హద్దు తేలాలి. పట్టా తీసి మీ ప్లాట్ నంబరు, విస్తీర్ణం చూసుకోండి, ఒడిశా భూమి రికార్డుల సైటు భూలేఖ్‌లో కూడా ఉంటుంది కానీ అంతా ఒడియాలోనే, ఆ అక్షరాలు మీకు రాకపోతే బడికెళ్ళే పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. ఏరవతల ఆంధ్రాలో, పాతపట్నంలో ఉన్న మీవాళ్ళు మండల సర్వేయర్ని పిలవమంటారేమో, అది ఏరు దాటితే చెల్లదు, మీకు దిక్కు ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఆఫీసూ తహసీలే, అమీన్ అనే కొలతల మనిషి వచ్చి కొలుస్తాడు. డెసిమల్ అని రాసుంటే కంగారు పడకండి, మన సెంటే అది. హద్దుకి లోపల మీ జాగాలో వేసుకుంటే ఖర్చంతా మీదే, సరిగ్గా హద్దు మీద వెయ్యాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి, ఆ ఒప్పందం ఒక కాగితం మీద రాసి సంతకాలు పెట్టుకోండి.

నన్నడిగితే కొలతల దాకా కూడా వెళ్ళక్కర్లేదు. ఎందుకంటే తవ్వే కుక్కకి దడి ఎంత ఎత్తు కట్టినా లాభం లేదు. గట్టి ఇనప మెష్‌ని దడికి కట్టి, అడుగున ఒక అడుగు వెడల్పు నేల మీద పరిచి, మేకులు కొట్టి పైన రాళ్ళూ మట్టీ వెయ్యాలి, అప్పుడు దడి మొదట్లో పంజా పెడితే తీగ తగిలి మానేస్తుంది. ఆ పరిచేది కుక్క తవ్వే వైపు, అంటే వాళ్ళ పెరట్లో పరచాలి! వాళ్ళు సరే అనకుండా పని జరగదు. కాబట్టి ఆ ఇంటి పెద్దావిడతో, మావుసీ, అంటే పిన్నీ అని పిలిచే చనువుంటుంది కదా, కోడిపిల్లల లెక్క ఎత్తకుండా, మెష్ మేం కొంటాం, వెదుర్లూ కూలీ మీరు చూసుకోండి అని అడగండి. పనయ్యేదాకా రాత్రిపూట కుక్కని కట్టెయ్యమని కూడా అప్పుడే అనండి. చిత్తకార్తెలో మగ కుక్కకి ఏ కంచే ఆగదు కాబట్టి పశువుల ఆస్పత్రిలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే వాళ్ళకీ సుఖమే. ఎవరేం చెప్పినా దడికి కరెంటు తీగ మాత్రం చుట్టొద్దు, ముందు చచ్చేది పిల్లలే.

ప్రశ్న: రాయగడలో మా వీధిలో ఊరకుక్కలకి పై వాటా ఆయన మెట్ల దగ్గరే అన్నం పెడతాడు. వాటిని బండెక్కించి దూరంగా వదిలేయొచ్చా?

జవాబు: వీల్లేదు బాబూ. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఊరకుక్కకి ఆపరేషన్, టీకా చేసి పట్టుకున్న చోటే వదలాలి, ఆ పని మున్సిపాలిటీది, అర్జీ అక్కడ పెట్టండి, రసీదు తీసుకోండి. కానీ అవే నియమాల్లో తిండి పెట్టేచోటు మెట్లకీ, గుమ్మాలకీ, పిల్లలాడుకునే చోటికీ దూరంగా ఉండాలని కూడా ఉంది. ఆయన్ని అన్నం మానెయ్యమనకండి, మున్సిపాలిటీ చూపించిన చోటికి మార్చమనండి.