కాళ్లు పడితే కడుపు పండుతుందా? ఐవీఎఫ్ క్లయింట్ల గురించి నా అనుభవం

మీరు అడిగింది ఇది: రిఫ్లెక్సాలజీ (పాదాల మీద ఒక్కో అవయవానికి ఒక్కో పాయింటు ఉందంటూ అక్కడ నొక్కే పద్ధతి) కోర్సు పూర్తయి ఏడాదిన్నర అయింది, ఐవీఎఫ్ మొదలుపెట్టబోతున్న ఒకావిడ సెషన్లు కావాలన్నారు, ఒప్పుకోవచ్చా? ఒప్పుకుంటే ఏ దశలో ఏ పాయింట్లు వదిలేయాలి?

ఒప్పుకోండి. పాయింట్ల సంగతి కూడా చెబుతాను. కానీ నేను పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, అందులో ఏడేళ్లుగా నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఇలాంటి ట్రీట్‌మెంట్‌లో ఉన్నవాళ్లే. నేను చూసినంతలో మన బొటనవేలి వల్ల జరిగే నష్టం తక్కువ, నోటి వల్ల జరిగేది ఎక్కువ. అందుకే ముందు నోటి గురించి.

నేను కొత్తగా ఉన్న రోజుల్లో ఒకావిడ వచ్చారు. ఇంజెక్షన్లు మొదలై ఐదో రోజు. కుడి పాదం బయటివైపు, చీలమండకీ మడమకీ మధ్య నొక్కుతుంటే వేలి కింద ఇసుక రేణువుల్లా ఏదో తగిలింది. క్లాసులో నేర్పిన అలవాటు కొద్దీ "ఇక్కడ కాస్త గట్టిగా ఉందండీ" అనేశాను. ఆవిడ దిండు మీంచి తల ఎత్తి "అది దేని పాయింట్?" అన్నారు. "అండాశయం" అన్నాను. అంతే, నా చేతిలో పాదం చెక్కలా బిగుసుకుపోయింది. మిగిలిన అరగంటా నేను చెక్కనే నొక్కాను. రాత్రి పదకొండింటికి మెసేజ్: "కుడి ఓవరీలో ఏమైనా ప్రాబ్లం ఉందంటారా? స్కాన్ ముందే చేయించుకోనా?" మర్నాడు సెలవు పెట్టి హాస్పిటల్‌కి వెళ్లి, బతిమాలి స్కాన్ చేయించుకున్నారు. రెండు పక్కలా అండాలుండే ఫాలికల్స్ చక్కగానే పెరుగుతున్నాయి. మళ్లీ నా దగ్గరికి రాలేదు. రాకపోవడమే న్యాయం.

ఆ గట్టిదనం చెప్పుల వల్ల కావచ్చు, నిలబడే తీరు వల్ల కావచ్చు. అండాశయం ఎలా ఉందో పాదం చూసి చెప్పే విద్య మనకి లేదు. మనం గోడకి తగిలించుకునే పటం ఎక్కడినుంచి వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకోండి. అమెరికాలో విలియం ఫిట్జ్‌జెరాల్డ్ అనే చెవి ముక్కు గొంతు డాక్టరు శరీరాన్ని నిలువుగా పది జోన్లుగా విడదీసి, ఆ సంగతిని 1917లో మరొకరితో కలిసి పుస్తకంగా వేశారు. 1930లలో యూనిస్ ఇంగమ్ అనే ఫిజియోథెరపిస్టు దాన్ని పాదాల మీద వివరంగా గీశారు. మనం నేర్చుకున్నది అదే. ఇద్దరు టీచర్ల పటాలు పక్కపక్కన పెట్టి చూస్తే కొన్ని పాయింట్లు ఒకచోట ఉండవు కూడా. అలాంటి పటాన్ని పట్టుకుని, రోజు విడిచి రోజు స్కాన్ చేయించుకుంటున్న మనిషికి ఆవిడ ఓవరీ గురించి మనం చెప్పడమేమిటి?

మీ దగ్గరికి రాబోయే క్లయింట్ ఎలాగూ అడుగుతారు, "దీనివల్ల ఛాన్స్ పెరుగుతుందా?" అని. సమాధానం ఇప్పుడే తయారు చేసుకోండి. బ్రిటన్‌లో అండం విడుదల కాని 48 మంది మీద ఒక పరీక్ష చేసి 2009లో ప్రచురించారు. 26 మందికి అసలు రిఫ్లెక్సాలజీ, 22 మందికి పాయింట్లతో పనిలేని ఉత్తుత్తి పాద మసాజ్. తమకి ఏది చేస్తున్నారో వాళ్లకి చెప్పలేదు. మొదటి గుంపులో 11 మందికి అండం విడుదలైంది, రెండో గుంపులో 10 మందికి. అంటే తేడా లేనట్టే. చిన్న అధ్యయనమే, కాదనను. కానీ మన పాయింట్లు పని చేస్తాయని ఆవిడకి చూపించడానికి నా చేతిలో గట్టి రుజువు ఏదీ లేదు. అందుకే నేను చెప్పేది ఒకటే మాట: "గర్భం విషయంలో ఇది ఏమీ చేస్తుందని చెప్పలేనండీ. ఓ గంట ఒళ్లు తేలికపడుతుంది, చాలామందికి నిద్ర పడుతుంది. అందుకోసమైతే రండి." ఈ మాట విని వెనక్కి వెళ్లిపోయినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇంకో మాట పొరపాటున కూడా రానివ్వకండి. "టెన్షన్ పడకండి, టెన్షన్ వల్లే నిలవదు." మనవాళ్లు ఇది ఓదార్పు అనుకుంటారు. వినే మనిషికి మాత్రం అది నేరం మోపినట్టే ఉంటుంది. పైగా నిజమని తేలింది కూడా లేదు. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 14 అధ్యయనాలు, 3,583 మంది మహిళల వివరాలు కలిపి చూస్తే, ట్రీట్‌మెంట్‌కి ముందున్న ఆందోళనకీ గర్భం నిలవకపోవడానికీ సంబంధం కనిపించలేదు. నేను ఇది క్లయింట్లకి చెబుతాను. ఒకావిడైతే "మళ్లీ చెప్పండి" అని రెండుసార్లు చెప్పించుకుని, ఫోన్‌లో రికార్డు చేసుకుని ఇంట్లోవాళ్లకి వినిపించారు.

మరి మనం ఇచ్చేదేమిటి అంటారా? ఆ కొన్ని వారాల్లో ఆవిడని తాకే ప్రతి చెయ్యికీ గ్లవుజో సూదో ఉంటుంది. పొట్ట మీద ఇంజెక్షన్లు, చేతి మీద రక్తం తీసిన కమిలిన మచ్చలు, లోపలినుంచి చేసే స్కాన్లు. ప్రతి స్పర్శ తర్వాతా ఓ నంబర్ వస్తుంది, ఆ నంబర్ మంచిదో కాదో ఎవరో చెప్పాలి. పాదాలు పట్టినప్పుడు మాత్రం ఏ రిపోర్టూ రాదు. చాలామంది ఇరవై నిమిషాల్లో నిద్రపోతారు. నిద్రపోతే టైమ్ అయిందని లేపకండి, తర్వాతి అపాయింట్‌మెంట్‌కి ముందు పావుగంట ఖాళీ ఉంచుకోండి.

ఇప్పుడు దశలు. సైకిల్, అంటే ఒక విడత ఐవీఎఫ్, మొదలవకముందు మామూలుగానే చేయండి. అండాలు ఎక్కువగా పెరగడానికి ఇచ్చే స్టిమ్యులేషన్ ఇంజెక్షన్లు సాధారణంగా 8 నుంచి 14 రోజులు ఉంటాయి. అప్పుడు అండాశయాలు వాచి బరువెక్కుతాయి, కాబట్టి పూర్తిగా వెల్లకిలా పడుకోబెట్టకుండా వీపు కింద దిళ్లు పెట్టి సగం కూర్చోబెట్టండి. లోపలి చీలమండ కింద గర్భాశయం పాయింటు, బయటి చీలమండ కింద అండాశయం పాయింటు, చీలమండ ముందు నుంచి ట్యూబుల గీత, కాలి బొటనవేలి మధ్య పిట్యూటరీ గ్రంథి పాయింటు: ఈ నాలుగూ నేను వదిలేస్తాను. వాటిని నొక్కితే ఏదో అవుతుందని కాదు. సైకిల్ ఫెయిలైతే ఆ మనిషి రాత్రిళ్లు పడుకుని ఒక్కో రోజునీ వెనక్కి తిప్పి చూసుకుంటుంది, ఎక్కడ తప్పు జరిగిందా అని. ఆ లెక్కలో మన బొటనవేలు రాకూడదు. ఆ పాయింట్లు వదిలేస్తున్నానని ఆవిడకి ముందే చెబుతాను కూడా.

అండాలు పక్వం కావడానికి ఇచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్ తర్వాత 34 నుంచి 36 గంటలకి ఎగ్ పికప్, అంటే అండాల్ని బయటికి తీయడం, ఉంటుంది. ఆ మధ్యలో సెషన్ పెట్టను. పికప్ అయ్యాక మత్తు, నొప్పి అన్నీ తగ్గేదాకా రెండు మూడు రోజులు ఆగుతాను. పిండాన్ని గర్భాశయంలో పెట్టే ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్ నుంచి రక్తపరీక్ష దాకా ఉండే రోజుల్లో అసలు నొక్కను. గోరువెచ్చని టవల్, అరచేతులతో పాదాల్ని అలా పట్టుకోవడం, మెల్లగా నిమరడం, అంతే. అది రిఫ్లెక్సాలజీ ఎలా అవుతుందని మీ టీచర్ అడిగితే, కాదని ఒప్పేసుకోండి. పాజిటివ్ వస్తే మొదటి 12 వారాలు నేను ఆపేస్తాను. ఆ తర్వాత డాక్టరు సరేనంటేనే మళ్లీ.

పాయింట్ల కంటే మీరు బాగా నేర్చుకోవాల్సింది కాళ్లు చూడటం. నొక్కేముందు మోకాళ్ల దాకా చూడండి, ప్రతిసారీ. ఎందుకో చెబుతాను. ఎగ్ పికప్ అయిన తొమ్మిదో రోజు ఒకావిడ వచ్చారు. సాక్సులు తీస్తే ఎడమ కాలి మీద ఎలాస్టిక్ అచ్చు లోతుగా పడి ఉంది, కుడి కాలి మీద దాదాపు లేదు. రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి చూశాను. ఎడమ పిక్క లావుగా ఉంది. చెయ్యి దగ్గర పెడితే వేడి తెలుస్తోంది. "నిన్న బాగా తిరిగాను, పట్టేసింది. అక్కడే కాస్త గట్టిగా నొక్కండి" అన్నారావిడ. నేను చేతులు వెనక్కి తీసుకున్నాను. ఆవిడ ఫోన్ నుంచే క్లినిక్‌కి చేయించి, ఉన్నదున్నట్టు చెప్పించాను. వెంటనే వచ్చేయమన్నారు. కాలి సిరలో రక్తం గడ్డకట్టింది. ఈ మందులతో ఈస్ట్రోజన్ బాగా పెరుగుతుంది, దాంతో రక్తం గడ్డకట్టే అవకాశం కూడా పెరుగుతుంది. అలాంటి కాలిని మర్దన చేస్తే గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్లొచ్చు. ఆ రోజు ఆవిడ అడిగినట్టే నొక్కి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

అలాగే పొట్ట బిగుసుకుపోయిందనీ, రెండు రోజుల్లో బరువు బాగా పెరిగిందనీ, వాంతులనీ, మూత్రం తగ్గిందనీ, ఊపిరి ఆడటం లేదనీ అంటే అండాశయాలు మందులకి మితిమీరి స్పందిస్తున్నాయేమో డాక్టరే చూడాలి. ఒక పక్క ఒక్కసారిగా భరించలేని నొప్పి వచ్చినా అంతే, వాచిన అండాశయం మెలిపడి ఉండొచ్చు. పాజిటివ్ వచ్చాక ఒక పక్క నొప్పి, రక్తస్రావం, భుజం చివర నొప్పి ఉంటే ఇంకా తొందర, పిండం ట్యూబులో ఉందేమో చూడాలి. వీటికి పేరు పెట్టడం మన పని కాదు. సెషన్ ఆపి ఫోన్ చేయించడం మన పని. అందుకే మొదటి రోజే క్లినిక్ నంబర్ రాయించుకుంటాను. రక్తం పలచబడే మందులు వాడుతున్నారా అని కూడా అడుగుతాను, వాళ్లకి కొంచెం నొక్కినా కమిలిపోతుంది. సువాసన నూనెలు వద్దు, హార్మోన్ మందుల మీద ఉన్నవాళ్లకి కొందరికి వాసన పడదు. ఫలానా పొడి తినండి, ఫలానా కషాయం తాగండి అనే సలహాలు అసలే వద్దు.

ప్యాకేజీలు అమ్మకండి. ముందే పది సెషన్ల డబ్బు తీసుకుంటే, నాలుగో రోజున సైకిల్ క్యాన్సిలైన మనిషి మీ దగ్గరికి రావాలా వద్దా అని డబ్బు లెక్క చూసుకోవాల్సి వస్తుంది. స్కాన్ బట్టి వాళ్ల తేదీలు మారిపోతుంటాయి, ఆఖరి నిమిషంలో క్యాన్సిల్ చేసినా నేను ఏమీ తీసుకోను.

మీరు అడగలేదు కానీ, భర్తల గురించి ఒక ముక్క. ఒకాయన ప్రతిసారీ బయట కుర్చీలో ఫోన్ చూసుకుంటూ కూర్చునేవారు. ఓ రోజు మొహమాటంగా "మగవాళ్లకి కూడా చేస్తారా?" అన్నారు. చేశాను. గంటలో ఆయన మాట్లాడింది ఒకే వాక్యం: "రిపోర్టు నాదే బాలేదండీ, సూదులు మాత్రం తనకి." వాళ్లని కూడా అడగండి.

నెగెటివ్ వచ్చిన రోజు సంగతికి వద్దాం. మీకూ ఆ మెసేజ్ వస్తుంది. ఒకావిడ ఇలా పెట్టారు: "నెగెటివ్. రేపటిది క్యాన్సిల్ చేయనా?" నేను "మీ ఇష్టం, టైమ్ మాత్రం మీదే, ఎవరికీ ఇవ్వను" అని రాశాను. వచ్చారు. పడుకున్నారు. గంటసేపు వాళ్ల ఆఫీసులో పార్కింగ్ దగ్గర ఇద్దరికి జరుగుతున్న గొడవ గురించి చెప్పారు, ఎవరి బండి ఎవరి గీత దాటిందో అన్నీ. నేను ఊ కొడుతూ ఉన్నాను. ఒకచోట ఆవిడకే నవ్వొచ్చింది. వెళ్తూ వచ్చే వారం ఖాళీ ఉందా అని అడిగారు. సైకిల్ మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పాజిటివ్ వచ్చినవాళ్లు "అంతా మీ చేతి చలవ" అంటారు. వినడానికి బాగుంటుంది, తీసుకోకండి. ఈమె గర్భం నా చేతి చలవైతే, పక్కింటావిడ నెగెటివ్ ఎవరి చేతి పాపం? నేను "నేను కాళ్లు పట్టానంతే, మిగతాది మీదీ డాక్టర్లదీ" అని నవ్వేస్తాను. ఈ బుద్ధి నాకు మొదట్లో లేదు. క్లయింట్లు ఇచ్చిన పాపాయిల ఫొటోలు, థాంక్యూ కార్డులు మంచానికి ఎదురుగా ఉన్న గోడ నిండా అంటించుకునేదాన్ని. ఓ రోజు నేనే ఆ మంచం మీద పడుకుని నడుం వాలుస్తుంటే కళ్లెదురుగా ఏడుగురు పిల్లలు కనిపించారు. రెండుసార్లు ఫెయిలైన ఓ మనిషి ముందు రోజే గంటసేపు అక్కడ పడుకుని వెళ్లారు. లేచి అన్నీ ఊడదీసి సొరుగులో పెట్టాను. టేపు మచ్చలు ఇంకా పోలేదు. మీ క్లయింట్ వచ్చేలోపు మీ మంచం మీద ఒకసారి పడుకుని చూడండి, ఎదురుగా ఏం కనిపిస్తోందో.