ఎలిఫెంట్ హిల్ దారికి మా బండి సరిపోతుందా?

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటున్నాం. అక్టోబరులో యూటా రాష్ట్రంలోని కాన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్కుకు వెళ్లి, నీడిల్స్ ప్రాంతంలోని ఎలిఫెంట్ హిల్ దారిలో బండి నడపాలని నా కోరిక. మాది ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ. తిరుమల, అరకు ఘాట్ రోడ్ల మీద చాలాసార్లు నడిపాను. నెల్లూరు నుంచి వచ్చిన మా నాన్నగారు కూడా మాతో ఉంటారు. మా బండితో వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లకండి. లో రేంజ్ గేర్లు (బండిని చాలా నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపించేవి), మంచి గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు) ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ బండి లేనిదే ఆ దారికి అనుమతి లేదు. ముందుగా పర్మిట్ కూడా తీసుకోవాలి.

మీ బండిలోని ఆల్ వీల్ డ్రైవ్ ఏర్పాటు వానలోనూ మంచులోనూ చక్రాలు జారకుండా కాపాడడానికి ఉద్దేశించినది. ఇక్కడి కష్టం వేరు. మెట్లు మెట్లుగా విరిగిన ఇసుకరాతి మీదుగా వెళ్లేటప్పుడు ఒక పక్క ముందు చక్రమూ, రెండో పక్క వెనుక చక్రమూ ఒకేసారి నేలను వదిలేస్తాయి. మామూలు డిఫరెన్షియల్ (ఎడమ, కుడి చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉన్న బండిలో గాలిలో తేలిన చక్రాలే గిర్రున తిరుగుతాయి గానీ నేలనంటి ఉన్నవి బండిని లాగవు. ఇక లో రేంజ్ మొదటి గేరులో అయితే బండి మనిషి నడక కంటే నెమ్మదిగా దిగుతుంది. ఇంజనే దాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి బ్రేకును గట్టిగా తొక్కి, చక్రాలు బిగుసుకుపోయి, రాతి మీద జారిపోయే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది.

ఘాట్ రోడ్ల అనుభవాన్ని నేను తక్కువ చేయను, మలుపుల దగ్గర ఓర్పు అక్కడే అలవడుతుంది. కానీ అవి తారు రోడ్లు. ఎలిఫెంట్ హిల్ అవతలి వైపు ఒక మలుపు ఎంత ఇరుకంటే, అక్కడ బండిని తిప్పే వీలు లేక తర్వాతి వాలును రివర్స్‌లోనే దిగాలి. వెనుక చక్రం రాతి అంచుకు జానెడు దూరంలో ఉందో, బెత్తెడు దూరంలో ఉందో సీట్లో కూర్చున్నవారికి కనబడదు. అందుకే ఒకరు దిగి చేతి సైగలతో దారి చూపాలి; ఆ మనిషి బండికి దిగువన, అది జారితే వచ్చి తగిలే చోట, ఎప్పుడూ నిలబడకూడదు. దిగాక పని ముగిసినట్టు కాదు, తిరిగి రావాలంటే ఆ కొండనే మళ్లీ ఎక్కాలి.

మీకు కోరిక బలంగా ఉంటే యూటాలోనే ఉన్న మోయాబ్ ఊళ్లో రాళ్ల దారులకు తగిన జీపులు అద్దెకు దొరుకుతాయి. అయితే ఒప్పందంలో ఈ దారికి అనుమతి ఉందో లేదో చదివి మరీ సంతకం పెట్టండి. టైర్లలో గాలిని 35 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) నుంచి సుమారు 20కి తగ్గిస్తే టైరు మెత్తబడి రాతిని పట్టుకుంటుంది. తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపడానికి కంప్రెసరు వెంట ఉండాలి. మనిషికి రోజుకు నాలుగు లీటర్లకు తక్కువ కాకుండా నీళ్లు పెట్టుకోండి. బండి చెడితే లాగించుకు రావడానికి అయ్యే ఖర్చు వెయ్యి డాలర్లు దాటడం మామూలే.

నాన్నగారిని మాత్రం ఆ కుదుపుల్లో కూర్చోబెట్టవద్దు. కొండ మొదలు దాకా ఉన్న సుమారు 5 కిలోమీటర్ల కంకర రోడ్డు మీద, వాన లేని రోజున, మీ ఎస్‌యూవీ హాయిగా వెళ్తుంది. అక్కడ బండి ఆపి, ఆయనకు ఓపిక ఉన్నంత దూరం పైకి నడిచి, జీపులు ఒక్కో మెట్టు ఎలా ఎక్కుతున్నాయో పక్కన నిలబడి చూడండి. మీరు నడపబోయే దారిని ముందుగానే కాళ్లతో కొలిచినట్టూ ఉంటుంది.